బాకా దగ్గర మా బావ

మా బావ కుదురుగా కూర్చోవడం నా జన్మలో రెండుసార్లే చూశాను. ఒకటి పెళ్ళి ఫొటోలో, అదీ ఫొటోగ్రాఫరు రెండుసార్లు కసిరాక. రెండోది మా ఫ్యాక్టరీలో, ఒక ఇనప స్టూలు మీద, సరిగ్గా ఒక గంటసేపు. ఆ గంట సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

బావంటే మా అక్క మొగుడు. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ బొంగరం అని పిలిచేదట. యాభై దగ్గర పడ్డా ఆ పేరు వదల్లేదు, ఆ తిరుగుడూ ఆగలేదు. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళ చెప్పులు వరసగా సర్దుతాడు. కాసేపటికి ఆ వరస నచ్చక మళ్ళీ మారుస్తాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఫ్యాను మూడు మీద తిరుగుతుంటే నాలుగు చేస్తాడు, నాలుగు మీదుంటే మూడు చేస్తాడు. పొయ్యి మీద కుక్కరుంటే ఇక చెప్పక్కర్లేదు. మంట పెంచుతాడు, తగ్గిస్తాడు, మళ్ళీ పెంచుతాడు.

"ఈయన వంటింట్లోకొస్తే ఎన్ని విజిల్స్ వెయ్యాలో కుక్కరే మర్చిపోతుందిరా" అంటుంది మా అక్క.

అన్నీ మంచికే చేస్తాడు. అదే మా అందరి ప్రాణానికీ వచ్చింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళం.

నేను ఆయనకి పూర్తిగా విరుద్ధం. ముట్టుకుంటే చెడిపోతుందేమో, చెడిపోతే నామీదికి వస్తుందేమో అని దేని జోలికీ పోను. జనం దీన్ని బద్ధకం అంటారు. అననీ, నాకు పోయేదేముంది.

మేమిద్దరం పనిచేసేది చాక్లెట్ ఫ్యాక్టరీలో. నేను బాయిలరు చూసుకుంటాను. అదే గదిలో ఒక పక్క, గోడ వారగా, ఆయన మిషన్ ఉంటుంది. దానికి కంపెనీవాళ్ళు పెట్టిన పేరు వేరే ఏదో ఉంది కానీ మేమంతా బాకా అంటాం. నిజంగానే బాకాలాగే ఉంటుంది. రెండు నిలువుల పొడుగు ఇనప గొట్టం, మధ్యలో సన్నటి గొంతు, చివర వెడల్పాటి నోరు.

అది చేసే పని వింతగా ఉంటుంది. ఆవిరితో చల్లదనం పుట్టిస్తుంది. వంటపెనాలకు పోగా బాయిలర్లో మిగిలిన ఆవిరి, లేకపోతే కప్పు మీదనుంచి ఆకాశంలోకి వదిలేసే ఆవిరి, ఒక సన్నటి మూతిలోంచి బాకాలోకి దూసుకొస్తుంది. ఎంత జోరుగా అంటే, పక్కనున్న నీళ్ళ ట్యాంకులోంచి గాలినీ తేమనీ తనతో లాక్కుపోతుంది. ట్యాంకులో గాలి పలచబడేసరికి నీళ్ళు పొయ్యి లేకుండానే మరిగి, కొంచెం ఆవిరైపోయి, ఆ పోయేది మిగతావాటి వేడి పట్టుకుపోతుంది. మిగిలిన నీళ్ళు చల్లబడతాయి. లాక్కొచ్చిన ఆవిరంతా బాకా రెండో కొసన చన్నీళ్ళ గొట్టాలకు తగిలి మళ్ళీ నీళ్ళవుతుంది. ఆ ట్యాంకు నీళ్ళే చాక్లెట్ బెల్టు చుట్టూ తిరిగి, వేడివేడిగా వచ్చిన చాక్లెట్‌ని గట్టిపరుస్తాయి. మోటారు లేదు, చక్రం లేదు, గిర్రున తిరిగేది ఏదీ లేదు. కదిలే ముక్క ఒక్కటీ లేని ఆ మిషన్‌కి, కదలకుండా క్షణం ఉండలేని మనిషిని కాపలా పెట్టారు.

పెట్టి పందొమ్మిదేళ్ళయింది. చేరిన మొదటి వేసవిలోనే మా బావ వీరుడైపోయాడు.

ఆరోజు ఎండ దంచేస్తోంది. మధ్యాహ్నం రెండింటికి బాకా గొంతు మారింది. మామూలుగా సన్నగా, ఒకే తీరున ఈల వేస్తూ ఉంటుంది. అలాంటిది గుడగుడమని, దగ్గుతున్నట్టు శబ్దం మొదలైంది. ట్యాంకు నీళ్ళు చూస్తుండగానే వెచ్చబడ్డాయి. అవతల బెల్టు మీద చాక్లెట్లు బురదలా జారిపోతున్నాయని ప్యాకింగ్ వాళ్ళు కేకలు. పెద్దవాళ్ళంతా తలో సలహా చెప్తున్నారు. మా బావ ఎవర్నీ అడగలేదు. ఆవిరి వాల్వు దగ్గరికెళ్ళి, ఆవిరి ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఆరు మీదుంటే ఎనిమిదికి తిప్పాడు. రెండు నిమిషాల్లో బాకా మళ్ళీ ఈల అందుకుంది.

అప్పటి మేనేజరు గబగబా దిగొచ్చి అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నోటీసు బోర్డు మీద ఫొటో కూడా పెట్టారు. మా కొంప ముంచింది ఆ షేక్‌హ్యాండే. ఎందుకంటే మా బావ ఆ రోజు తిప్పిన వాల్వుని మళ్ళీ కిందికి తిప్పలేదు. ఎండ తగ్గినా, వానలు పడినా, చలి వచ్చినా, ముల్లు ఎనిమిది దగ్గరే. అదైనా స్థిరంగానా? ఎనిమిదికి ఇటు కొంచెం, అటు కొంచెం, రోజంతా సవరింపులే. గోడ మీద రేకులో 'ఆరు దగ్గర ఉంచవలెను' అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఎవరైనా చూపిస్తే ఒకటే మాట.

"రేకు రాసినవాడు ఎండాకాలంలో వచ్చి చూశాడా?"

ఎవరి నోరైనా దాంతో మూతబడేది. నీళ్ళు పన్నెండు డిగ్రీల దగ్గర వచ్చేవి. పన్నెండంటే గొప్పేం కాదు, అలాగని పని ఆగేదీ కాదు. గంటగంటకీ ఆ లెక్క ఒక పుస్తకంలో రాసేవాడు.

అలా నడిచిపోతున్న బండికి గత ఏడాది అడ్డు పడింది. కొత్త మేనేజరొచ్చాడు. మన చాక్లెట్‌కి మెరుపు లేదు, విరిస్తే టక్కుమనడం లేదు, పది డిగ్రీల లోపు నీళ్ళు కావాలి అన్నాడు. బాకాని కోసి పాత ఇనుముకి వేసేసి కరెంటు కంప్రెసర్ తెస్తానన్నాడు. పై ఆఫీసువాళ్ళు మాత్రం ఆవిరి ఊరికే వస్తుంటే కరెంటెందుకని నసిగారు. చివరికి ఒక మాట మీదికొచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చి నెలరోజులు కొలుస్తుంది. ఆఖర్న మూడు రోజుల పరీక్ష. పది లోపు వస్తే బాకా ఉంటుంది, లేకపోతే లేదు.

ఆ వార్త విన్నరోజు మా బావ మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగకుండా గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

"అది పోతే నేనేం చెయ్యాలిరా?" అన్నాడు.

"ఇంకో పని ఇస్తారులే బావా."

"పని సంగతి కాదురా. నేను లేకపోతే అది ఒక్కరోజు నడవదు. అలాంటిది ఇంకోటి నాకెక్కడ దొరుకుతుంది?"

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఆయన మీద జాలేసింది. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నమ్మాను కూడా.

కొలతల అమ్మాయి వచ్చింది. బక్కపలచని పిల్ల, కొప్పులో పెన్సిలు, భుజాన సంచి, సంచి నిండా వైర్లు. వచ్చీ రాగానే బాకా ఒంటినిండా థర్మామీటర్లు అతికించేసింది. మా బావ ఆమె వెనకే తిరుగుతూ ప్రతిదానికీ పాఠం చెప్పేవాడు. ఆమె ఓపిగ్గా వినేది. వింటూనే, ఆయన వాల్వు మీద చెయ్యి వేసినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీసేది. మొదటిరోజు సాయంత్రానికి నలభై ఆరు గీతలయ్యాయని తర్వాత నాకు చూపించింది.

రెండో వారంలో పాత పుస్తకాలు కావాలంది. పందొమ్మిది పుస్తకాలు, గోనెసంచిలో ఎలుకలకు దొరక్కుండా దాచినవి, మా బావ మురిసిపోతూ తెచ్చిచ్చాడు. పిల్ల నాలుగు రోజులు వాటిని ముందేసుకుని కూర్చుంది. అయిదోరోజు మధ్యాహ్నం ఆయన క్యారేజీ కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, మధ్యమధ్యలో ఈ గుండ్రటి చేతిరాత ఎవరిది?"

"నాదే తల్లీ. బావ సెలవు పెట్టినప్పుడు బాకా కూడా నేనే చూస్తాను."

"మీరేం చేసేవారు?"

"ఏం చేస్తాను? రేకు మీద ఉన్నట్టు ముల్లు ఆరుకి పెట్టి కూర్చునేవాణ్ణి. తప్పు జరిగితే రేకు మీదికి తోసెయ్యొచ్చని."

ఆమె ఒక పెద్ద కాగితం పరిచింది. అడుగున సంవత్సరాలు, పక్కన డిగ్రీలు. పన్నెండు దగ్గర చీమలబారులా చుక్కలు. ఆ బారు కింద, తొమ్మిదికీ ఎనిమిదికీ మధ్య, అక్కడక్కడా చిన్న చిన్న గుంపులు.

"ఈ తేదీల్లో ఏం జరిగింది?" అని అడిగింది.

ఒక్కొక్కటే చదివాను. చదువుతుంటే నా గొంతు నాకే వింతగా వినిపించింది. మొదటి గుంపు మా అక్క పెళ్ళి. అయిదు రోజులు, ముహూర్తం పూట తప్ప నేను డ్యూటీలోనే ఉన్నాను. రెండోది మేనకోడలు పుట్టినప్పుడు. ఆసుపత్రి వరండాలో ఈ మనిషి బెంచీలన్నీ జరుపుతుంటే నర్సు బయటికి పంపేసింది. తర్వాతది వాళ్ళ నాన్న పోయినప్పుడు. ఆయన మంచాన పడ్డాక తలగడ సవరించీ సవరించీ, "ఒరే బొంగరం, నన్ను కాసేపు ఇలా ఉండనియ్యరా" అనిపించుకున్నాడు. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తాడు. ఆ పక్కన పొడుగాటి గుంపు టైఫాయిడు, పద్దెనిమిది రోజులు. రోజూ సాయంత్రం నేను చూడ్డానికి వెళ్తే ముందు అడిగేది, "నీళ్ళెంత?" అనే. "ఎనిమిదిన్నర బావా" అనేవాణ్ణి. "నా మనసు కష్టపెట్టకూడదని అబద్ధాలాడుతున్నావురా" అని అటు తిరిగి పడుకునేవాడు.

మా బావ జీవితంలోని మంచీ చెడూ మొత్తం ఆ కాగితం మీద ఉంది. ఆయన ఎక్కడ లేడో అక్కడల్లా బాకా చల్లగా ఉంది.

ముందు నాకు నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది. ఎనిమిదిన్నర అని నా చేత్తో నేనే రాశాను, అన్నేళ్ళు. ఒక్కసారైనా ఇదేమిటి అనుకోలేదు. అనుకోవడం కూడా ఒక పనే కదా, నేనెందుకు చేస్తాను.

"అదెలా తల్లీ? ఆవిరి ఎక్కువిస్తే ఎక్కువ లాగాలి కదా?"

"ఆగిన బస్సులోంచి ఒకేసారి నలభైమంది దిగుతుంటే ఎక్కేవాడికి గుమ్మంలో చోటుంటుందా అంకుల్? బాకా గొంతూ అంతే. ఆవిరి ఎక్కువైతే అదే గొంతంతా నిండిపోతుంది, ట్యాంకులోంచి వచ్చేదానికి దారుండదు. ఎనిమిది దగ్గర, వంద పాళ్ళ వేడి పోస్తే పద్దెనిమిది పాళ్ళ చల్లదనం వస్తోంది. ఆరు దగ్గర ముప్ఫై."

"మరి ఆ వేసవిలో ఆయన ఎనిమిదికి తిప్పితేనే కదా బాగుపడింది?"

"ఆ రోజు ఆయన చేసింది పూర్తిగా కరెక్టు. చివర ఆవిరిని చల్లబరిచే నీళ్ళు బాగా వేడెక్కితే, ఒక హద్దు దాటాక బాకా ఒక్కసారిగా కూలబడుతుంది. అప్పుడు దాన్ని లేపాలంటే ఆవిరి పెంచాల్సిందే. అలాంటి రోజులు ఏడాదికి నాలుగో అయిదో ఉంటాయి."

అంటే ఒక్క రోజు చేసిన మంచిపనిని మా బావ పందొమ్మిదేళ్ళు రోజూ చేశాడు. తిట్టాలో ఏడవాలో తెలియలేదు.

"ఆయనకి చెప్పకు" అన్నాను.

"చెప్పకపోతే పరీక్ష పోతుంది అంకుల్. మిషన్ పోతుంది."

మర్నాడు చెప్పింది. మెల్లిగానే చెప్పింది పాపం. మా బావ కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. మొహం కందగడ్డయింది.

"వీడు రాసినవి నమ్ముతున్నావా తల్లీ? వీడు స్టూలు మీంచి లేచి మీటరు దాకా నడిచుంటాడనుకుంటున్నావా? కూర్చున్నచోటే కూర్చుని నోటికొచ్చిన అంకె రాసుంటాడు!"

నాకూ తిక్కరేగింది. "భయంతో గంటగంటకీ చూసే రాశాను బావా. నా బద్ధకం నా సొంతం, అబద్ధం నా వల్ల కాదు."

"నువ్వు నోరు ముయ్యి."

"మీరిద్దరూ ఆగండి" అంది ఆ అమ్మాయి. "సార్, ఒక్క గంట. ముల్లు ఆరుకి పెడతాను. మీరు ఈ స్టూలు మీద కూర్చోండి. దేన్నీ ముట్టుకోవద్దు. నీళ్ళు చల్లబడకపోతే ఈ కాగితం చింపేస్తాను."

మా బావ కూర్చున్నాడు.

ఆ గంట ఎలా గడిచిందో చూసినవాణ్ణి నేను. మొదటి అయిదు నిమిషాలు చేతులు కట్టుకున్నాడు. తర్వాత విప్పి తొడల కింద పెట్టుకున్నాడు. కాలు ఆడించాడు. చొక్కా గుండీ విప్పి పెట్టాడు, పెట్టి విప్పాడు. పావుగంటకి లేవబోయాడు. ఆ అమ్మాయి తలెత్తి చూసేసరికి కూలబడ్డాడు. ఎక్కడో పైపులోంచి చుక్క పడింది. ఆ చుక్క వైపు ఆకలిగా చూశాడు. నుదుటి మీద చెమట. అరగంటకి నీళ్ళు పన్నెండు నుంచి పదకొండుకొచ్చాయి. "గాలి చల్లబడింది, అందుకు" అన్నాడు. నలభై నిమిషాలకి పది. "మీటరు సరిగ్గా ఉందా?" అన్నాడు. ఆమె సంచిలోంచి ఇంకో థర్మామీటరు తీసి ట్యాంకు నీళ్ళలో ముంచి ఆయన చేతికిచ్చింది. అదీ పదే.

గంటకి తొమ్మిది చిల్లర. ఇంకా దిగుతోంది. బాకా ఈల వేస్తోంది, హాయిగా, ఎవరి అవసరమూ లేనట్టు.

బావ లేచాడు. థర్మామీటరు తుడిచి ఆమెకిచ్చాడు. గది బయటికెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏమైందిరా ఈయనకి? కుక్కరు తొమ్మిది విజిల్స్ వేసినా లేవలేదు. నాకు భయంగా ఉంది."

మూడు రోజుల పరీక్షకి బావ సెలవు పెట్టాడు. ఎదురుగా ఉంటే తన చేతుల మీద తనకి నమ్మకం లేదన్నాడు. బాకా దగ్గర నేనే కూర్చున్నాను, నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య చూపిస్తూ. మూడు రోజులూ ఎనిమిదిన్నర దాటలేదు. ప్యాకింగ్‌లో చాక్లెట్ విరిస్తే టక్‌టక్‌మంటోందని ఆడవాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు.

ఆ అమ్మాయి రిపోర్టు రాసేటప్పుడు నేను ఒక పని చేశాను. ఆమె దగ్గరికెళ్ళి చేతులు పట్టుకున్నంత పనిచేశాను.

"ఆ సెలవుల కాగితం అందులో పెట్టకమ్మా. ఇన్నేళ్ళ పరువు. నీళ్ళు ఎంతకొచ్చాయో అది రాసెయ్యి, చాలు. ఎందుకొచ్చాయో ఎవరిక్కావాలి?"

"అది సరైన పద్ధతి కాదు అంకుల్" అంది.

"నా అక్క మొగుడు తల్లీ."

చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. చివరికి తీసేసింది. నేను ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ పూట కడుపునిండా తిన్నాను.

వారం తర్వాత మేనేజరు మా ముగ్గుర్నీ పిలిచాడు. ఆయన గదిలో రిపోర్టు బల్ల మీదుంది, పక్కన పాత పుస్తకాల్లో రెండు.

"పందొమ్మిదేళ్ళు పన్నెండు" అన్నాడు. "ఈ అమ్మాయి అడుగుపెట్టాక ఎనిమిదిన్నర. మిషన్‌కి ఒక్క నెలలో యవ్వనం వచ్చిందా? నేను చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చున్నానా?"

"పరీక్షలో వచ్చినవే రాశాను సార్" అంది ఆమె.

"థర్మామీటర్లు నీవి. కొలిచింది నువ్వు. రాసింది నువ్వు. కారణం మాత్రం ఎక్కడా లేదు. ఏ మరమ్మతూ చెయ్యలేదు, ఏ భాగమూ మార్చలేదు, అయినా బాగుపడిపోయింది! మీ కాలేజీకి రాస్తున్నాను, ఇలాంటి దొంగ లెక్కలు మాకొద్దని. ఆ బాకాని వచ్చేవారం కోయించేస్తాను."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. నా వైపు చూసింది. నోరు తెరిస్తే నేను చెప్పొద్దన్న మాట చెప్పాలి. ఇచ్చిన మాట కోసం ఆగిపోయింది పిచ్చిపిల్ల. చెప్పాల్సింది నేను. నేల మీద టైల్సు లెక్కపెడుతూ నిలబడ్డాను. నా మీద నాకు అంత అసహ్యం ముందెప్పుడూ వెయ్యలేదు.

"కారణం ఉందండీ" అన్నాడు మా బావ.

జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఆ చుక్కల కాగితమే. ఆమె పారేసిందో, ఆయనే అడిగి తీసుకున్నాడో. బల్ల మీద పరిచి మడతలు చదును చేశాడు.

"ఈ పైన చుక్కలు నేను పనిలో ఉన్న రోజులండీ. కింద చుక్కలు నేను సెలవు పెట్టిన రోజులు. మిషన్ మొదట్నించీ బాగానే ఉంది. ఆవిరి ఆరు దగ్గర ఉంచమని గోడ మీద రాసుంది. నేను ఉంచలేదు. ఒక్కరోజు కూడా ఉంచలేదు. ఈ అమ్మాయి లెక్కలో తప్పు లేదండీ, తప్పు నాది."

మేనేజరు కాగితం వైపు చాలాసేపు చూశాడు. తలెత్తి, నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగాడు.

"మరి ఇన్నేళ్ళూ నువ్వు అక్కడ చేసిందేమిటయ్యా?"

బావ చేతులు ఆయన ఒంటి పక్కన వేలాడుతున్నాయి. కదల్లేదు.

"సాయం చేస్తున్నాననుకున్నానండీ."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మేనేజరూ చెడ్డవాడేం కాడు. పెన్ను తీసుకున్నాడు. బాకా ఉంటుందన్నాడు. అయితే దానికింక ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదు, బాయిలరు చూసేవాడే గంటకోసారి ముల్లు చూస్తే సరిపోతుంది, ఎండ ముదిరిన రోజుల్లో ఎంత పెంచాలో ఆ అమ్మాయి ఒక పట్టిక రాసిపెడుతుంది అన్నాడు. బావని సోమవారం నుంచి ప్యాకింగ్‌కి వెళ్ళమన్నాడు. బావ తలూపాడు. ఒక్కటే అడిగాడు, ఆ కాగితాన్ని రిపోర్టులో కలపమని, కింద తన పేరు కూడా రాయమని.

మెట్లు దిగుతుంటే ఆయన ముందు, నేను వెనక. ఇంక ఉండబట్టలేక చెప్పేశాను.

"బావా, ఆ కాగితం రిపోర్టులోంచి తియ్యమన్నది నేనే. నీ పరువు పోతుందని."

"తెలుసులేరా. అన్ని పేజీలు రాసిన పిల్ల అదొక్కటీ ఎందుకు వదిలేస్తుంది?"

"నీకు సాయం చేద్దామనుకున్నాను."

మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నా భుజం మీద చెయ్యేశాడు.

"పుట్టి బుద్ధెరిగాక నువ్వు కల్పించుకున్న పని ఇదొక్కటేరా" అన్నాడు. "కొంచెంలో మిషన్ పోయేది."

ఆ చెయ్యి నా భుజం మీద అలాగే ఉంది. మేమిద్దరం కిందికి దిగాం.